దాత వయసొక్కటే చూసి కార్నియాను కాదనవద్దు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మరణించిన వారి కుటుంబాలతో నేత్రదానం గురించి మాట్లాడే పనిలో ఉన్నదాన్ని. ఇంట్లో శవం ఉండగానే గుండె చిక్కబట్టుకుని ఐ బ్యాంకుకు ఫోన్ చేసిన కొడుకును మొదట తండ్రి వయసు అడిగి, అది విన్నాక ‘అవసరం లేదండీ’ అని పెట్టేయడం నాకు తెలుసు. దాతల వయసుకు గరిష్ఠ పరిమితి అమల్లో ఉన్న చోటల్లా దాన్ని పునఃపరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

కార్నియా అంటే కంటి ముందు భాగాన ఉండే పారదర్శకమైన పొర. మార్పిడి చేసిన కార్నియా పారదర్శకంగా నిలవడం, దాని లోపలి వైపు ఒకే వరుసలో ఉండి నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేసే ఎండోథీలియల్ కణాల మీద ఆధారపడి ఉంటుంది. ఈ కణాలు నశిస్తే వాటి స్థానంలో కొత్తవి పుట్టవు, వయసుతోపాటు తగ్గుతూ వస్తాయి; పెద్దవారి కళ్లు పనికిరావన్న అభిప్రాయానికి మూలం ఇదే. కానీ ఆ తగ్గుదల అందరిలో ఒకేలా ఉండదు. ఈ కణాలను చూసి లెక్కించే స్పెక్యులర్ మైక్రోస్కోపులో చూస్తే, డెబ్బై ఏళ్ల దాత కార్నియాలోనూ కణాలు తేనెపట్టు గదుల్లా ఒత్తుగా, చదరపు మిల్లీమీటరుకు 2,500 దాకా కనిపించవచ్చు.

అమెరికాలో 2000లో మొదలైన కార్నియా డోనర్ స్టడీ ఈ ప్రశ్ననే పరీక్షించింది. 1,090 మందికి 12–65, 66–75 ఏళ్ల దాతల కార్నియాలను, వయసు సర్జన్లకు తెలియకుండా అమర్చారు. అయిదేళ్ల తరువాత రెండు వర్గాల్లోనూ 86 శాతం గ్రాఫ్టులు (అమర్చిన కార్నియాలు) నిలిచాయి. పదేళ్లకు అవి వరుసగా 77, 71 శాతం. ఈ తేడా గణాంకాల పరంగా నిర్ధారణకు చాలేది కాదు. అయితే 72–75 ఏళ్ల దాతల విషయంలో ఫలితం కొంత తగ్గిన మాటను దాచకూడదు. ఎన్నో ఏళ్లు చూపు నిలవవలసిన పిన్న వయస్కులకు ఏ కార్నియా ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు సర్జన్ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అలాగే గ్రాఫ్టు నిలవడం వేరు, చూపు రావడం వేరు: కుట్ల వల్ల కార్నియా వంపు అసమానమై చూపు మసకబారే ఆస్టిగ్మాటిజం, రెటీనా, కంటి నరం స్థితి కూడా చూపును నిర్ణయిస్తాయి, వాటికి దాత వయసుతో సంబంధం లేదు. పైగా లోపలి పలుచని పొరను మాత్రమే మార్చే డీమెక్ శస్త్రచికిత్సలో చిన్న వయసు దాతల పొర బిగుతుగా చుట్టుకుపోయి విప్పడం కష్టమవుతుంది కాబట్టి, చాలామంది సర్జన్లు పెద్ద వయసు దాతలనే కోరుకుంటారు.

కాబట్టి కార్నియాను స్వీకరించాలా వద్దా అన్నది కణాల సాంద్రత, కణజాల స్థితి, అంటువ్యాధుల పరీక్షలు తేల్చాలని మార్గదర్శకాల్లో స్పష్టంగా రాయించండి. స్పెక్యులర్ మైక్రోస్కోపు లేని ఐ బ్యాంకులకు దాన్ని, నడిపే శిక్షణతో సహా సమకూర్చండి. దాత వయసును, కణాల లెక్కను, ఏళ్ల తరబడి రోగికి నిలిచిన చూపును ఒకే రిజిస్టరులో నమోదు చేయించండి. అన్నిటికంటే ముందు, ఫోన్ ఎత్తే సిబ్బంది వయసు వినగానే కాదనకుండా, సాంకేతిక సిబ్బందిని ఆ ఇంటికి పంపేలా ఆదేశాలు ఇవ్వండి.

భవదీయురాలు,
నేత్రదాన సలహాదారు