సంక్షోభం వచ్చినంత మాత్రాన ఎర్రజెండాకు ఓట్లు పడవు

సంపాదకులకు,

పెట్టుబడిదారీ సంక్షోభం గురించి, వామపక్షాల భవిష్యత్తు గురించి మీ ఎడిట్ పేజీలో వస్తున్న వ్యాసాలు వదలకుండా చదువుతున్నాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని, సర్వీసంతా యూనియన్ సభ్యుణ్ని. రాసేవాళ్లు వేరైనా వాదన దాదాపు ఒకటే: సంక్షోభం ముదురుతోంది, అసమానతలు పెరుగుతున్నాయి, జనం మళ్లీ ఎర్రజెండా దగ్గరికి రాక తప్పదు. నాకు పేచీ ఈ చివరి మాటతోనే.

2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడుల బ్యాంకు దివాలా తీసినప్పుడు మా బ్రాంచిలోనూ ఇదే మాట నడిచింది. మన ప్రభుత్వ రంగ బ్యాంకులు అప్పుడు తట్టుకుని నిలబడ్డాయి. వాటిని అమ్మనివ్వకుండా ఏళ్ల తరబడి అడ్డుపడింది బయట ఉద్యోగ సంఘాలు, పార్లమెంటులో వామపక్షాలు. ఆ మాట చెప్పుకుని ఓట్లడగడానికి అంతకు మించిన అదను ఏముంటుంది? 2004లో లోక్‌సభలో సీపీఎంకు 43, సీపీఐకి 10 సీట్లు. 2009లో 16, 4. 2024కి వచ్చేసరికి 4, 2. అసలు లేమన్ కూలడానికి రెండు నెలల ముందే, 2008 జులైలో, అమెరికాతో అణు ఒప్పందం మీద కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వానికి మద్దతు తీసేసుకున్నారు. ఉపాధి హామీ చట్టం, అటవీ హక్కుల చట్టం రావడంలో తమ ఒత్తిడి ఎంతో ఉందని చెప్పుకోవాల్సినవాళ్లు, పల్లెల్లో ఎవరికీ పట్టని ఒప్పందం మీద బయటికొచ్చి ఎన్నికలకు వెళ్లారు.

ఓడిపోయిన ప్రతిసారీ డబ్బు, కులం, మీడియా అంటారు. అవి లేవని ఎవరన్నారు? 1955 ఆంధ్ర ఎన్నికల్లో పత్రికలు, పెద్ద కులాలు, డబ్బు అంతా ఒక పక్కన చేరాయి. కమ్యూనిస్టులకు సీట్లు 15కి పడిపోయాయి గానీ ఓట్లు 31 శాతం వచ్చాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఒక్కరు లేరు. తెలంగాణలో 2023లో కాంగ్రెస్ పొత్తుతో సీపీఐ గెలిచింది కొత్తగూడెం ఒక్కటే.

మా ఖమ్మం జిల్లా సంగతి చెబుతాను. 2007 జులై 28న ముదిగొండలో భూమి కోసం సీపీఎం చేస్తున్న ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. అదే ఏడాది మార్చి 14న బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో కాల్పులు జరిగాయి. కెమికల్ హబ్ కోసం తమ భూములు పోతాయని ఎదురు తిరిగిన రైతుల మీద. 14 మంది పోయారు. అక్కడ ప్రభుత్వం సీపీఎం నాయకత్వంలోది. నాలుగు నెలల తేడాతో ఇక్కడ చచ్చిపోయినవాళ్ల పక్కన అదే జెండా, అక్కడ కాల్చినవాళ్ల వెనక అదే జెండా! ముదిగొండ కార్యకర్త ఊళ్లోకి వెళ్లి 'మా ప్రభుత్వం వస్తే' అని ఏ నోటితో అంటాడు? మీ వ్యాసకర్తలు గ్రీస్ దాకా వెళ్లొచ్చారు గానీ నందిగ్రామ్ పేరెత్తినవాళ్లు నాకు కనబడలేదు.

పోరాటాలు చెయ్యలేదని నేననను. 2000లో ప్రపంచ బ్యాంకు సంస్కరణల పేరుతో కరెంటు ఛార్జీలు పెంచితే ఆందోళనను ముందుండి నడిపింది వామపక్షాలే. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురి ప్రాణాలు పోయాయి. 2004లో ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టి పేరు తెచ్చుకుంది మాత్రం కాంగ్రెస్ ముఖ్యమంత్రి. ధర్నా అయ్యాక ఆ ఊళ్లలో మిగిలిన సంఘం ఏదీ? 2016-17లో సీపీఎం దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల మహాజన పాదయాత్ర చేసింది. కులం గురించి గట్టిగా మాట్లాడటం అప్పటికైనా మొదలుపెట్టినందుకు సంతోషించాను. యాత్ర దాటిపోయిన ఊళ్లకు తర్వాత ఎవరెళ్లారో జిల్లా కమిటీలే చెప్పాలి.

ఇక సంక్షోభం సంగతి. దాన్ని చూడాలంటే మా కాలనీకి రండి. పొద్దున్నే ఒక ఇంటి వరండాలో పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు చేరతారు. ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు బైకు మీద వచ్చి ట్యాబ్‌లో పేర్లు చూసి పిలుస్తాడు. ఒకామె కిస్తీ తేలేకపోతే మీటింగు లేవదు. మిగతావాళ్లు తలా కొంత వేసి నింపాలి. కొందరు వేస్తారు, కొందరు అందరి ముందూ ఆమెను కడిగేస్తారు. కుర్రాడు మాత్రం నోరెత్తడు, ఆ అవసరం అతనికి లేదు. ఆమె మధ్యాహ్నానికి ఇంకో కంపెనీ గ్రూపులో చేరడానికి ఆధార్ కార్డు పట్టుకుని వెళ్తుంది. కూలి డబ్బు చేతికి రాగానే ఇంటి యజమాని, కొట్టువాడు, తాకట్టు వ్యాపారి మీద పడతారని మార్క్స్, ఎంగెల్స్ 1848లోనే కమ్యూనిస్టు ప్రణాళికలో రాశారు. ఇప్పుడు ఆ తాకట్టు వ్యాపారి షేర్ మార్కెట్లో ఉన్నాడు.

ఇలా ఆడవాళ్ల గ్రూపులకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కంపెనీ, పబ్లిక్ ఇష్యూలో సుమారు 1,600 కోట్లు సమీకరించి 2010 ఆగస్టులో షేర్ మార్కెట్లోకి వచ్చింది. రెండు నెలలు తిరక్కముందే, ఆత్మహత్యల వార్తల మధ్య, రోశయ్య ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. వారం వారం వసూళ్లు ఆగాయి. 2022లో రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేట్ల మీద పరిమితి ఎత్తేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు పరిధిలోని ఫైనాన్స్ కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని తేల్చింది. బైకులు మళ్లీ వచ్చాయి, వడ్డీ ఇరవై శాతం పైమాటే. ఇంత జరిగితే దీని మీద రాష్ట్రమంతా కదిలే ఒక బాధితుల సంఘాన్ని మన వామపక్షాలు కట్టలేకపోయాయి. 1940లలో తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టులు నడిపిన సంఘం వెట్టినీ, ధాన్యం అప్పు మీద నాగువడ్డీనీ, సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యాన్నీ పట్టుకుంది. 1952 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయంటే ఆ పని వల్లే.

డెలివరీ కుర్రాళ్ల విషయమూ అంతే. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు, అంటే డెలివరీ లాంటి విడి పనులు చేసేవాళ్లు, 77 లక్షలు, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారట. 2025 డిసెంబర్ 31న వాళ్లు సమ్మె చేశారు. పిలుపిచ్చింది వాళ్లు సొంతంగా కట్టుకున్న యూనియన్లు. మేం సార్వత్రిక సమ్మె చేసి బ్యాంకులు మూసిన రోజున కూడా వాళ్ల బైకులు తిరుగుతూనే ఉంటాయి. వాళ్లను తప్పుపట్టను, ఆ రోజు పోయే ఇన్సెంటివ్ ఎవరిస్తారు?

ఒక చిన్న పని అడుగుతున్నాను. రిజర్వ్ బ్యాంకు వడ్డీ పరిమితి ఎత్తేసినా ఒక నిబంధన ఉంచింది: మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేటప్పుడు ఆ ఇంటి నెలవారీ కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదు. మా కాలనీలో నేనడిగిన ఆడవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు లేరు. ఖమ్మంలో రెండు పార్టీలకూ, వాటి కార్మిక సంఘాలకూ సొంత ఆఫీసులున్నాయి. ఆదివారం ఒక పూట అక్కడ ఒక బల్ల వేయండి. లోన్ కార్డులు తెచ్చినవాళ్ల కిస్తీలు కూడి చూసి, హద్దు దాటిన చోట ముందు కంపెనీకి, నెలలోగా జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు రాసిపెట్టండి. లెక్కలు వెయ్యడానికి మాలాంటి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగులం వస్తాం. టీ ఇప్పిస్తే చాలు.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం