చిన్నప్పటి సంగతి అడిగిన డాక్టరమ్మకు, ఇంకొందరికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి వేధించిన కడుపునొప్పి, నిద్రలేమి ఇప్పుడు చాలావరకు తగ్గాయి. అందుకు కారణమైన వాళ్లకు నలుగురిలో ధన్యవాదాలు చెప్పుకోవాలని రాస్తున్నాను.

ముందుగా మా ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మకు. స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. అంతకుముందు చూపించుకున్న చోటల్లా "నీకేం లేదు, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారు. ఈవిడ రిపోర్టులు పక్కన పెట్టి, "చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది బాబూ?" అని అడిగారు. బయట అంతమంది కూర్చుని ఉన్నా నేను చెప్పిందంతా విన్నారు.

మాది నెల్లూరు జిల్లా. నాయన సారా తాగేవాడు. రాత్రిపూట గడియ చప్పుడైతే చాలు, నా కడుపు మెలిపెట్టేది. గడియ తీసే తీరును బట్టే అమ్మకు దెబ్బలు తప్పుతాయో లేదో తెలిసిపోయేది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా తలుపు దఢాలున వేస్తే అదే నొప్పి, అదే చోట.

పసితనంలో రోజూ భయంతో బతికితే, ఒత్తిడిలో ఒంట్లో ఊరే కార్టిసాల్ లాంటి హార్మోన్ల తీరు దెబ్బతింటుందని, ప్రమాదం పోయినా ఒళ్లు ఆ కాపలా మానదని డాక్టరమ్మ వివరించారు. అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 1998లో ప్రచురించిన అధ్యయనం గురించి కూడా చెప్పారు. పిల్లల్ని కొట్టడం, ఇంట్లో తాగుడు, తల్లిని హింసించడం లాంటి 7 రకాల కష్టాల గురించి వేలమంది పెద్దవాళ్లను అడిగారట. వాటిలో 4 లేదా అంతకన్నా ఎక్కువ అనుభవించిన వాళ్లలో డిప్రెషన్, తాగుడు, గుండెజబ్బు బాగా ఎక్కువ కనిపించాయి. "ముప్పు పెరుగుతుంది, అంతే. నీకు వచ్చి తీరుతుందని కాదు" అని గట్టిగా చెప్పారు. ఆ మాట నాకు కొండంత ధైర్యం.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేసినప్పుడు తెలుగులో ఓపిగ్గా మాట్లాడి, సైకాలజిస్టు దగ్గరికి దారి చూపిన కౌన్సెలర్ గారికి కృతజ్ఞతలు. పైసా ఖర్చు కాలేదు.

మా పక్కింటి పెద్దమ్మ ఇప్పుడు లేదు. గొడవ మొదలైతే నన్నూ చెల్లినీ తన ఇంటికి తీసుకుపోయి, పప్పన్నం కలిపిపెట్టి, తన పక్కనే పడుకోబెట్టుకునేది. నమ్మదగ్గ పెద్దదిక్కు ఒక్కరున్నా పిల్లల మీద ఆ దెబ్బ ప్రభావం తగ్గుతుందని సైకాలజిస్టు చెప్పినప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు. ఆమె రుణం తీర్చుకోలేనిది.

దూబగుంట ఆడవాళ్లకు కూడా దండం పెట్టాలి. మా జిల్లాలో వాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మా అమ్మ కూడా ఆ ఊరేగింపుల్లో నడిచింది. నాయన పూర్తిగా మానలేదు గానీ, ఊళ్లో సారా కొట్టు మూతపడ్డాక మేం కంటినిండా నిద్రపోయిన రాత్రులు పెరిగాయి. మద్యం గురించి ఎప్పుడు మాట్లాడినా ఖజానా ఆదాయం లెక్కే చెబుతారు. ఆ ఇళ్లలో పిల్లలు పెద్దయ్యాక మోసే జబ్బుల లెక్క కూడా వెయ్యాలి కదా.

నాలాంటి ఇంట్లో పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే, డాక్టరు దగ్గర చిన్నప్పటి సంగతి దాచకండి. 14416 రాత్రిపూట కూడా పనిచేస్తుంది.