నిబంధనల కమిటీ గురించి స్పీకర్ గారికి

స్పీకర్ గారూ, నమస్తే.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లకు మా నాయనమ్మ మోకాళ్లు వంకర తిరిగాయి, మంచం పట్టె పట్టుకుని గాని లేవలేకపోయేది. టీవీలో అసెంబ్లీ వస్తే "మన నీళ్ల ముచ్చట అడిగిన్రా?" అనేది. ఆ ప్రశ్న వేయాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలి, మంత్రి జవాబు మీద మళ్లీ అడగొచ్చా, ఇవన్నీ సభ నిబంధనల్లో ఉంటాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ నిబంధనలు రాసుకునే అధికారం రాజ్యాంగం 208వ అధికరణం శాసనసభకే ఇచ్చింది. పార్లమెంటుకైతే 118. 1952లో మొదటి లోక్‌సభ కూడా పాత రాజ్యాంగ సభ నిబంధనలనే మార్పులతో తీసుకుని పని మొదలుపెట్టింది. తర్వాత సరిదిద్దుకుంటూ వచ్చారు. ఆ పని చూసేదే నిబంధనల కమిటీ. లోక్‌సభలో ఈ కమిటీకి 15 మంది సభ్యులు, స్పీకరే అధ్యక్షుడు. కమిటీ సిఫార్సు సభ ముందు పెట్టాక 7 రోజుల్లో ఎవరూ సవరణ కోరకపోతే సభ ఒప్పుకున్నట్టే. ఆ వారం ఎవరూ పట్టించుకోకపోతే రూలు మారిపోతుంది, నా టెన్షన్ అదే.

మన సభలో రూలు మార్చాలనుకుంటే ముసాయిదాను తెలుగులో నెల ముందే జనం ముందు పెట్టండి. మండల గ్రంథాలయాల్లో ఒక కాపీ ఉంచండి. గొడవల్లో ప్రశ్నోత్తరాల సమయం పోతే, ఆ ప్రశ్నలు మరుసటి రోజు తీసుకునేలా ఒక నిబంధన గురించి కమిటీలో మాట్లాడించండి సార్.