పర్మిట్ రూమ్ ముందు బండ్ల వరస మీకు కనపడదా, మంత్రి గారూ?

ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి, ఉప్పల్ వైపు ఒక కాలనీవాసుల నమస్కారాలు.

అర్జీలు ఇచ్చినప్పుడల్లా రసీదు మాత్రం చక్కగా ముద్ర వేసి ఇచ్చారు. జవాబే లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

మా గోడు కాలనీ మలుపులోని వైన్స్ గురించి, దాన్ని ఆనుకుని ఉన్న పర్మిట్ రూమ్ గురించి. సాయంత్రం ఏడు దాటితే దాని ముందు బైకులు, స్కూటీలు రెండు వరసల్లో ఉంటాయి, మూడో వరస రోడ్డు మీదే. నడిచి వచ్చేవాళ్లు అరుదు. లోపలే తాగడానికి సర్కారు అనుమతి ఉంది, బయట బండి ఉంది. మరి తాగినవాడు ఇంటికెలా పోతాడని లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎవరైనా అడిగారా సార్? ఫీజు ఎంతో మాత్రం అడిగే ఉంటారు.

మొన్న శనివారం ఒకాయన తాళంచెవి ఎక్కడ పెట్టాలో దొరక్క బండంతా తడుముతున్నాడు. పక్కనున్న స్నేహితుడు ఫోన్ లైటు వేసి మరీ పెట్టించాడు. ఎంత స్నేహమో! సైడ్ స్టాండ్ తీయకుండానే గల్లీలోకి తిప్పాడు. అది పిల్లలు ట్యూషన్ నుంచి సైకిళ్ల మీద వచ్చే గల్లీ. ఆపబోతే, "నీ అయ్య రోడ్డా?" అన్నాడు. మజ్జిగ తాగాను, దిగిపోయిందని కూడా అన్నాడు. మజ్జిగకి, నిమ్మరసానికి దిగేదైతే ఇంకేం కావాలి!

పోలీసులు పట్టుకుంటున్నారు కదా అంటారు. నిజమే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ ఊదించేది మెయిన్ రోడ్డు మీద. చెకింగ్ ఎక్కడుందో తాగేవాళ్లకి ఫోన్లలో ముందే తెలిసిపోతుంది. దాంతో అందరూ మా గల్లీల్లోంచే. అక్కడ చెకింగ్ గట్టిగా జరిగిన రోజు మాకు ఇక్కడ టెన్షన్ ఎక్కువ.

స్టేషన్‌లో చెప్తే అది ఎక్సైజ్ వాళ్ల పని అన్నారు. ఎక్సైజ్ ఆఫీసులో చెప్తే తాగి నడిపితే పోలీసులు చూసుకుంటారన్నారు. రోడ్డు మీద పార్కింగ్ సంగతి మున్సిపాలిటీదట. 2016లో సుప్రీంకోర్టు హైవేలకి 500 మీటర్ల లోపు మద్యం షాపులు వద్దంది. మరుసటి ఏడు, అది మున్సిపల్ పరిధికి వర్తించదని వివరణ ఇచ్చింది. అంటే ఊరవతల తాగి నడిపితేనే ప్రమాదమన్నమాట, మా కాలనీలో కాదు.

వైన్స్ ఎత్తేయమని అడగడం లేదు. అడిగినా ఎత్తేయరని తెలుసు. ఆ పర్మిట్ రూమ్ తీసేయండి సార్. అది కుదరదంటారా, రాత్రి ఎనిమిది నుంచి మూసేదాకా దాని గుమ్మం ముందే ఊదించే మిషన్‌తో ఇద్దరిని నిలబెట్టండి, మెయిన్ రోడ్డు మీద కాదు. బండి తాళాలు అక్కడే తీసుకోమనండి. ఏదో ఒకటి చేయండి. ఏదీ కుదరకపోతే కుదరదనే ఒక కాగితం రాసి పంపండి, అర్జీకి జవాబొచ్చిందని అయినా చెప్పుకుంటాం.

ఇట్లు,
కాలనీవాసుల తరఫున ఒక తండ్రి