కోంక్ నిధిని ముందు కాపాడింది ఊరివాళ్లే

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని కోంక్ గురించి మీరు ప్రచురించిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అవేరోన్ కొండల్లో, పలక రాళ్లు కప్పిన ఇళ్ల మధ్య, నిండా మూడు వందల మంది జనం కూడా లేని ఆ ఊరి ఫొటోలు చక్కగా ఉన్నాయి. అయితే సెంత్ ఫ్వా అనే బాల సాధ్వి పేరిట అక్కడ వెలసిన మఠం చర్చి, బంగారు, రత్నాల పూజా వస్తువులతో కూడిన దాని నిధి ఈనాటికీ నిలిచి ఉండటానికి పారిస్ ప్రభుత్వమే కారణమన్నట్టు రాయడం సగం నిజమే అవుతుంది. చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టరు ప్రోస్పెర్ మెరిమే 1837లో ఆ మారుమూలకు వెళ్లి, శిథిలమవుతున్న చర్చిని చూసి, మరమ్మతులకు పట్టుబట్టిన మాట వాస్తవమే. కానీ ఆయన అక్కడికి చేరేటప్పటికి నిధి భద్రంగా ఉందంటే అది ఆ ఊరివాళ్ల పుణ్యమే.

పద్దెనిమిదో శతాబ్దం చివరి ఫ్రెంచి విప్లవ కాలంలో దేశమంతటా చర్చిల బంగారాన్ని, వెండిని స్వాధీనం చేసుకుని కరిగించారు. అప్పుడు కోంక్ ప్రజలు నిధిని పంచుకుని ఎవరిళ్లలో వారు దాచారు, గండం గడిచాక తిరిగి అప్పగించారు. దాచినవి చిన్నాచితకా వస్తువులేమీ కావు. అందులో ముఖ్యమైనది సింహాసనం మీద కూర్చున్న సెంత్ ఫ్వా విగ్రహం. ఎత్తు మూడడుగులకు కాస్త తక్కువ. లోపల కొయ్య, పైన బంగారు రేకు, తల మాత్రం రోమన్ల కాలం చివరినాటి పాత శిరస్సు. యాత్రికులు సమర్పించిన రత్నాలను తరతరాలుగా దాని మీద పొదుగుతూ వచ్చారు. 1013లో అక్కడికి వచ్చిన బెర్నార్ అనే పండితుడు ఇది విగ్రహారాధన కాదా అని మొదట ఈసడించుకుని, తరువాత మనసు మార్చుకుని, ఆ బాల సాధ్వి మహిమలనే గ్రంథస్థం చేశాడు.

ఇక్కడ ఒక తమాషా చెప్పకుండా ఉండలేను. ఆ చర్చిలో పూజలందుకున్న ఆ సాధ్వి అస్థికలు అసలు కోంక్‌వి కానే కావు. తొమ్మిదో శతాబ్దంలో ఈ మఠం సన్యాసి ఒకడు ఆజెన్ పట్టణంలో ఏళ్ల తరబడి నమ్మకంగా మెలిగి, అదను చూసి ఎత్తుకొచ్చినవని వాళ్ల కథే చెబుతుంది. దొంగిలించి తెచ్చుకున్న సొత్తును అంత నిజాయితీగా కాపాడుకున్న ఊరు మరొకటి ఉంటుందా!

ఊరివాళ్లను మరీ ఆకాశానికెత్తడం కూడా నా ఉద్దేశం కాదు. మఠం లోపలి స్తంభాల వసారా పాడుబడినప్పుడు దాని రాళ్లను తమ అవసరాలకు పట్టుకుపోయినదీ వాళ్లే. లోకాంతంలో దేవుడు మనుషులకు తీర్పు చెప్పే దృశ్యాన్ని చూపే, ముఖద్వారం మీది అంతిమ తీర్పు శిల్పం మాత్రం వారి కళ్లెదుటే చెక్కుచెదరకుండా మిగిలింది. అందులో 124 బొమ్మలున్నాయి. దేవుడి చేతి ముందు వంగి వేడుకుంటున్న సెంత్ ఫ్వా వెనుక, విడుదలైన ఖైదీలు మొక్కు చెల్లించిన సంకెళ్లు వేలాడుతుంటాయి. కమాను అంచున రాతి పట్టీని వేళ్లతో పట్టుకుని, కళ్లు మాత్రమే బయటపెట్టి తొంగిచూసే చిన్న బొమ్మలను మీ ఫొటోగ్రాఫరు గమనించినట్టు లేదు.

చిత్రకారుడు పియెర్ సూలాజ్ ఆ చర్చికి అమర్చిన 104 కిటికీలకు మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆయన అక్కడికి దగ్గరలోని రొదెజ్‌లో పుట్టినవాడు, చిత్రకారుణ్ణి కావాలని కోంక్‌లోనే నిశ్చయించుకున్నానని చెప్పుకున్నవాడు. రంగుల బొమ్మల అద్దాలను తీసేసి, వెలుతురు వస్తుందే తప్ప బయటి దృశ్యం కనబడని తెల్లటి అద్దాన్ని ప్రత్యేకంగా తయారు చేయించి, నల్లటి గీతలతో 1994 నాటికి పని పూర్తి చేశాడు. పొద్దును బట్టి ఆ తెలుపు ఒకసారి నీలంగా, ఒకసారి నారింజ ఛాయలో కనిపిస్తుంది. ఆ మార్పును స్థానికులు చాలామంది వ్యతిరేకించారు. కళాభిరుచి లేకపోవడంగా దీన్ని చూడటం తేలిక, కానీ చర్చి తమదనుకునేవాళ్లకే అలాంటి కోపం వస్తుందని నా అభిప్రాయం.

ఈ శీర్షిక ఇంకా కొనసాగుతుందని ప్రకటించారు కనుక, తదుపరి భాగంలోనైనా మెరిమే పేరుకు ముందు, నిధిని ఇళ్లలో దాచిన ఆ పేరు తెలియని కుటుంబాలను ప్రస్తావించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు