సెగీన్ కుటుంబ చరిత్రను సగంలో ఆపవద్దు

సంపాదకులకు నమస్కారం.

టెక్సస్‌లో ఇల్లు కొన్న తెలుగువారు తమ దస్తావేజునో, దానికి ఆధారమైన ప్లాటు నక్షానో తీసి చూస్తే, చాలాచోట్ల ఫలానా వారి ‘సర్వే’ అంటూ ఓ పాత పేరు కనిపిస్తుంది. సర్వే నంబర్లకు అలవాటుపడిన మనం దాన్ని పట్టించుకోం గానీ, ఆ నేలకు మొదట పట్టా పొందిన మనిషి పేరది. మెక్సికో పాలనలో, 1825 నాటి వలస చట్టం కింద పశువులు పెంచుకునే కుటుంబానికి ఒక లీగ్, అంటే సుమారు 4,428 ఎకరాలు దక్కేవి. 1836లో టెక్సస్ మెక్సికో నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక సైన్యంలో మూడు నెలలు పనిచేసినవారికి 320 ఎకరాలు, ఆ స్వాతంత్ర్యాన్ని ఖాయం చేసిన శాన్ జసింటో యుద్ధంలో పోరాడినవారికి అదనంగా 640 ఎకరాలు ఇచ్చారు. ఆఫ్రికన్ సంతతివారికీ, ఆదివాసులకూ మాత్రం ఆ ఏటి రాజ్యాంగమే భూమి హక్కు నిరాకరించింది.

ఇక్కడి బడుల్లో నాలుగు, ఏడు తరగతుల్లో టెక్సస్ చరిత్ర చదివే మన పిల్లలకు, ఆ స్వాతంత్ర్యం కోసం పోరాడిన తెహానో (మెక్సికన్ మూలాల టెక్సస్‌వాసి) హువాన్ సెగీన్ కుటుంబం గురించి పూర్తిగా తెలియాలని నా కోరిక. ఆయన తండ్రి ఎరాస్మో 1821లో, అమెరికా నుంచి వలస కుటుంబాలను తెచ్చిన స్టీఫెన్ ఆస్టిన్‌కు ఎదురేగి శాన్ ఆంటోనియోకు తోడ్కొనివచ్చిన పెద్దమనిషి. ఆ ఆంగ్లో (ఇంగ్లిష్ మాట్లాడే తెల్లవారి) వలసలకు చివరిదాకా అండగా నిలిచాడు. శాన్ ఆంటోనియోలోని అలామో కోటను మెక్సికో సైన్యం ముట్టడించినప్పుడు లోపల ఉన్న హువాన్‌ను సాయం కోరుతూ బయటికి పంపారు. ఆయన తిరిగి చేరేలోపే, 1836 మార్చి 6న, కోట పడిపోయింది. ఏప్రిల్ 21న శాన్ జసింటోలో, మెక్సికన్ సైనికులని పొరబడి సొంతవాళ్లే కాల్చకుండా, ఆయన దళంలోని తెహానోలు టోపీలకు అట్టముక్కలు పెట్టుకుని పోరాడారు. మరుసటి ఏడాది అలామో మృతుల చితాభస్మాన్ని సైనిక లాంఛనాలతో ఖననం చేయించినదీ ఆయనే.

పాఠం సాధారణంగా ఇక్కడే ముగుస్తుంది, కానీ అసలు విషాదం దీని తర్వాతిది. స్వతంత్ర టెక్సస్ సెనేటర్‌గా, శాన్ ఆంటోనియో మేయర్‌గా పనిచేసిన ఈ మనిషిపై కొత్తగా వచ్చినవారు ద్రోహి ముద్ర వేయగా, బెదిరింపులు తట్టుకోలేక 1842లో పదవి వదిలి కుటుంబంతో మెక్సికో వెళ్లిపోయాడు. జైలా, సైన్యమా తేల్చుకోమని అక్కడి అధికారులు నిలదీస్తే సైన్యంలో చేరి, తాను గెలిపించిన గడ్డమీదికే దండెత్తిన బలగంతో రావలసివచ్చింది. తిరిగి వచ్చి కొంతకాలం టెక్సస్‌లోనే బతికినా, 1890లో న్యువో లారెడోలో కన్నుమూశాడు. ఆయన తర్వాత శాన్ ఆంటోనియోకు మరో హిస్పానిక్ మేయర్ రావడానికి 1981 దాకా పట్టింది. అంత సేవ చేసిన కుటుంబానికే ఆ గతి పట్టిందంటే, ఏ అండా లేని తెహానో రైతుల భూములు ఎంత సులువుగా చేతులు మారాయో ఊహించడం కష్టం కాదు.

ఆయన అస్థికలను 1970లలో టెక్సస్‌కు తెచ్చి, 1839లోనే ఆయన పేరు పెట్టుకున్న సెగీన్ పట్టణంలో ఖననం చేశారు. శాన్ ఆంటోనియో నుంచి అది గంటలోపు దారి. అలామోకు పిల్లలను తీసుకెళ్లే మన తెలుగు సంఘాలు అక్కడిదాకా కూడా తీసుకెళ్లాలని విజ్ఞప్తి చేస్తున్నాను. ప్రవాస భారతీయుల పేజీలో ఇళ్ల ధరలతో పాటు, ఆ ఇళ్ల కింది నేలకు తొలి పట్టాదారులెవరో, వారి కుటుంబాలు ఏమయ్యాయో చెప్పే వ్యాసాలకూ మీ పత్రిక చోటివ్వాలని కోరుతున్నాను. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని జనరల్ ల్యాండ్ ఆఫీసులో ఆ పాత పట్టాలు భద్రంగా ఉన్నాయి; ఎవరైనా చూడవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శాన్ ఆంటోనియో, టెక్సస్