నెల రోజులు మూగనోము పట్టిన స్పీకర్లు

సంపాదకులకు నమస్కారం.

సినిమా హాల్లో 30 ఏళ్లు ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి. సంక్రాంతికి మా అబ్బాయి చుట్టూ ఐదు స్పీకర్లుండే 5.1 హోమ్ థియేటర్ కొనిపెట్టాడు. షాపు కుర్రాడు టీవీకి ఆప్టికల్ కేబుల్ (శబ్దాన్ని వెలుగు రూపంలో మోసే తీగ) తగిలించి, ‘అట్మాస్ వస్తుంది తాతగారూ’ అని వెళ్లిపోయాడు. అట్మాస్ అంటే చుట్టూతానే కాక తల మీంచి కూడా శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ పద్ధతి. అట్మాస్ సంగతి దేవుడెరుగు, వెనక స్పీకర్లు రెండూ నెల రోజులు మూగనోము పట్టాయి.

చివరికి నేనే టీవీ సెట్టింగుల్లో వెతికితే, డిజిటల్ ఆడియో దగ్గర ‘పీసీఎం’ అని ఉంది, అంటే కుదించిన శబ్దాన్ని టీవీయే విప్పి పంపడం. ఆప్టికల్ తీగలో పీసీఎం అయితే రెండు చానెళ్లే, అంటే కుడి, ఎడమ శబ్దాలే వెళ్తాయి. ‘బిట్‌స్ట్రీమ్’ (విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) అని మార్చగానే డాల్బీ డిజిటల్ అనే 5.1 శబ్దం అందుకుంది. మాటలు మధ్య స్పీకర్లో, వాన చప్పుడు వీపు వెనక! 5.1లో ఆ ‘పాయింట్ ఒకటి’ ఉరుముల్లాంటి లోతు శబ్దాలు పలికే సబ్‌వూఫర్. మా ఆవిడకు మాత్రం సీరియల్ మాటలు తేటగా వినబడితే చాలు.

అట్మాస్ ఆప్టికల్ తీగలో రాదు. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలో సిస్టమ్‌కు పంపే ఏఆర్‌సీ గానీ, దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ గానీ కావాలి, సిస్టమ్‌కూ ఆ సత్తా ఉండాలి. మా పెట్టె మీద ఉన్నది ‘డాల్బీ ఆడియో’ అనే, అట్మాస్ అని కాదు. ఏ తీగలో ఏది వస్తుందో అమ్మేవాళ్లు తెలుగులో ఒక కాగితం ఇస్తే ఏం పోయింది?

– ఒక పాఠకుడు, తెనాలి